బొబ్బిలి వీణకు ఆధారమైన పనస: పెంపకం, సంరక్షణ

కీలకపదాలు: పనస, ఏకాండి వీణ, గొల్లపల్లి, వృక్షాయుర్వేదం, చేవ

1. ఉపోద్ఘాతం

విజయనగరం జిల్లా బొబ్బిలికి చేరువలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలవారు తరతరాలుగా వీణలు తయారుచేస్తున్నారు. కుండ, దండి, యాళిముఖం ఒకే మానులో తొలిచిన వీణను ఏకాండి వీణ అంటారు. ఆ మాను పనసది. అదే చెట్టు పెరట్లో దట్టమైన నీడనిస్తుంది. దాని లేతకాయ పొట్టుకూరకు, పండు తొనలకు, గింజ ఉడికించి లేదా కాల్చి తినడానికి ఉపయోగపడతాయి. బొబ్బిలి వీణ 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద నమోదైంది. ఆ నమోదు వీణ పేరుకు రక్షణ కల్పించింది కాని, వీణకు కావలసిన కలప లభ్యత చెట్ల పెంపకం మీదనే ఆధారపడి ఉంది. పండ్ల కోసం పనసను పెంచడానికీ, మాను కోసం పెంచడానికీ గల భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. విత్తనం, నాటడం

పనస శాస్త్రీయనామం ఆర్టోకార్పస్ హెటెరోఫిల్లస్. ఇది మోరేసీ కుటుంబానికి చెందిన సతతహరిత వృక్షం. దీని గింజ ఎండితే మొలకెత్తే శక్తి నశిస్తుంది. కనుక పండు నుండి తీసిన గింజను కడిగి, తాజాగా ఉన్నప్పుడే విత్తాలి. తల్లివేరు పొడవుగా, సున్నితంగా ఉంటుంది కాబట్టి చెట్టు ఉండవలసిన చోటనే గింజ నాటడం మేలు. సంచిలో పెంచితే, వేరు అడుగున చుట్టుకోకముందే నాటాలి.

గింజ మొక్క కాపుకు రావడానికి సుమారు 7, 8 ఏళ్లు పడుతుంది. అంటు మొక్క 4, 5 ఏళ్లకే కాస్తుంది, తల్లిచెట్టు గుణాన్నీ నిలుపుకుంటుంది. అందువల్ల పండ్ల తోటలకు అంటు మొక్కలనే ఎంచుకొని, కోతకు వీలుగా తక్కువ ఎత్తులోనే కొమ్మలు వేయిస్తారు. వీణకు పొడవైన, నిటారైన మాను కావాలి. దానికి గింజ మొక్క అనువైనది.

3. ఎడం, నేల

వరాహమిహిరుని బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయం చెట్ల మధ్య 20 మూరల ఎడాన్ని ఉత్తమమనీ, 16 మూరలను మధ్యమమనీ, 12 మూరలను కనిష్ఠమనీ చెప్పింది. మూరను ఒకటిన్నర అడుగుగా తీసుకుంటే ఉత్తమ ప్రమాణం 30 అడుగులు, అంటే సుమారు 9 మీటర్లు. ఇది నేటి ఉద్యానశాస్త్రం పనసకు సూచించే ఎడానికి దగ్గరగానే ఉంది. అయితే అదే అధ్యాయం పనసను కొమ్మ నాటి పెంచదగిన వృక్షాలలో చేర్చింది. ఆచరణలో పనస కొమ్మ సులభంగా వేరూనదు. కాబట్టి ప్రాచీన గ్రంథ ప్రమాణాన్ని అనుభవంతో సరిచూసి గ్రహించవలసి ఉంటుంది.

పనస నీటిముంపును సహించదు. వరి మళ్ల పల్లపు నేలకంటె మెట్టభూమి, పెరటి ఎత్తు ప్రదేశం దీనికి తగినవి. తొలి రెండు మూడేళ్లు వేసవిలో నీటి తడి, పశువుల నుండి కంచె తప్పనిసరి.

4. మాను సంరక్షణ

పనస కాయలు మాను మీద, పెద్ద కొమ్మల మీద కాస్తాయి. అందుచేత ఫలసాయానికీ వీణకూ ఆధారం ఒకటే. మాను దిగువ భాగంలో పుట్టే పక్కకొమ్మలను లేతగా ఉన్నప్పుడే తొలగిస్తే కలపలో పెద్ద ముడులు ఏర్పడవు. ముదిరిన తర్వాత నరికితే గాయం మానడానికి ఎక్కువ కాలం పడుతుంది, కుళ్లు లోపలికి చేరే అవకాశమూ ఉంటుంది. మేకులు కొట్టడం, గాట్లు పెట్టడం కూడదు. బటోసెరా జాతి కాండం తొలుచు పురుగు కలపకు ప్రధాన శత్రువు. మానుపై రంధ్రం, దాని వద్ద రంపపుపొట్టు వంటి పొడి కనిపిస్తే పురుగును తీగతో తీసివేసి రంధ్రాన్ని మూసివేయాలి.

మగపూల గుత్తులు నల్లబడి రాలడాన్ని పిందె రాలడంగా భ్రమపడరాదు. అది సహజం. అయితే వాటిపై పెరిగే రైజోపస్ బూజు పిందెలకు సోకకుండా రాలినవాటిని ఏరివేయాలి.

చెట్టు ముదిరేకొద్దీ లోపలి చేవ పెరుగుతుంది. పసుపురంగులో ఉండే ఈ చేవ కాలక్రమాన గోధుమవర్ణానికి మారుతుంది, చెదను తట్టుకుంటుంది. పైపొర అయిన తెల్లచెక్కకు ఆ గుణం లేదు. లేత చెట్టును కొడితే వృత్తికారునికి దక్కే చేవ స్వల్పం.

5. ఉపసంహారం

వీణకు తగిన మాను సిద్ధం కావడానికి దశాబ్దాలు పడుతుంది. ఈలోగా కాయలు, గింజలు, నీడ రైతుకు ప్రతిఫలమిస్తాయి. కాబట్టి పెంపకందారుకు మానుకై నిరీక్షణ నష్టం కాదు. కాపు తగ్గిన ముదురు చెట్లను మాత్రమే కొట్టడం, కొట్టడానికి ఏళ్ల ముందే వాటి వారసత్వంగా గింజ మొక్కలు నాటడం, తోటలో అంటు మొక్కలతోపాటు కొన్నింటిని నిటారుగా పెరగనివ్వడం అవసరం. బొబ్బిలి వీణను గురించిన అధ్యయనాలు తయారీవిధానంతోపాటు దాని కలప మూలాన్ని కూడా పరిశీలనాంశంగా స్వీకరించాలి.