డైము మీద ఆగుతుందా?

అమెరికా వచ్చిన కొత్తలో మాట. సన్నగా మంచు పడుతున్న ఒక ఉదయం నాకు కారు నేర్పుతున్న పెద్దాయన, "ఈ రోడ్డు మీద యూ కాంట్ స్టాప్ ఆన్ ఎ డైమ్" అన్నాడు. బ్రేకులు బాగుచేయించడానికి పది సెంట్లు చాలవంటున్నాడు కాబోలనుకుని తల ఊపాను. రెండు నిమిషాల్లో స్టాప్ సైను దాటి కూడలి మధ్యకు జారిపోయాక గాని ఆ మాట బోధపడలేదు. అదృష్టం కొద్దీ అటునుంచి ఎవరూ రాలేదు.

డైము అంటే పది సెంట్ల నాణెం. అమెరికా నాణేలలో అతి చిన్నది ఇదే. అడ్డం 18 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. విలువలో తక్కువైన సెంటూ, నికెలూ కూడా దానికన్నా పెద్దవే! అంత చిన్న బిళ్ళ మీద ఆగడమంటే ముందుకు జరగకుండా ఉన్నచోటనే ఆగిపోవడమన్నమాట. బ్రిటన్‌లో ఇలాంటి భావానికే సిక్స్‌పెన్స్ పేరు చెబుతారు. ఆ నాణెం 1980లో చెలామణీ నుంచి పోయినా మాట మాత్రం మిగిలింది.

మన ఠక్కున, చటుక్కున అనే మాటలు ఎంత త్వరగా ఆగిందో చెబుతాయి. డైము ఎంత తక్కువ చోటులో ఆగిందో చెబుతుంది. తేడా అక్కడే ఉంది. అందుకే ఈ మాట కార్లకూ, బంతి ఆటలాడేవారికీ బాగా నప్పుతుంది. ఉన్నట్టుండి పద్ధతి మార్చుకున్న కంపెనీని "టర్న్‌డ్ ఆన్ ఎ డైమ్" అంటారు. సిగరెట్లు ఒక్కసారిగా మానేసినవారికి మాత్రం ఇది పనికిరాదు. అక్కడ "కోల్డ్ టర్కీ" అనాలి. ఆశ్చర్యంతో కొయ్యబారి నిలబడిపోతే "స్టాప్‌డ్ డెడ్ ఇన్ హిజ్ ట్రాక్స్".

మొన్న మా అమ్మాయికి కారు నేర్పుతూ ఇదే మాటన్నాను. "నాకు తెలుసు నాన్నా" అంది. మాట తెలుసు సరే, దూరం తెలుసా అని అడిగాను. గంటకు 60 మైళ్ళ వేగంతో పోయే కారు సెకనుకు 88 అడుగులు దాటుతుంది. కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపే దాదాపు అంత దూరం పోతుంది. మంచు మీద ఆ తరువాతి లెక్క చెప్పనే అక్కరలేదు.

కొత్తగా వచ్చినవారికి నేను చెప్పేది ఒక్కటే. మాట అర్థం కాకపోతే తల ఊపకండి, అడగండి. ఆ రోజు నేను అడగలేదు.