డిసెంబరు 31 లోపు మీ పళ్ళు చూపించుకున్నారా?

ఆ మధ్య ఒక సంవత్సరం సంక్రాంతి వెళ్ళిన వారంలో మా పళ్ళ విభాగానికి ఒక తల్లి వచ్చింది. ఎడమ దవడ వాచిపోయి కన్ను సగం మూతపడింది. "ఎన్నాళ్ళ నుంచమ్మా?" అని అడిగాము. "వినాయక చవితి నుంచి సలుపుతానే ఉందండీ. లవంగం పెట్టుకుని నెట్టుకొచ్చా. పత్తి తీతలు అయ్యాక చూపించుకుందాములే అనుకున్నా" అంది. పక్కన ఆమె భర్త. నూలు మిల్లులో పనిచేసి, అంతకు ముందు ఫిబ్రవరిలో మానేశాడు. జేబులో నుంచి ఈ.ఎస్.ఐ. కార్డు తీసి, "ఇది ఇంకా పనికొస్తుందా డాక్టరుగారూ?" అని అడిగాడు.

డిసెంబరు 31 వరకు పనికొచ్చేది. మూడు వారాల ముందు ఈ.ఎస్.ఐ. ఆసుపత్రికి వెళ్ళి ఉంటే ఆ పంటికి ఖర్చు లేకుండా వైద్యం జరిగేది. ఆ సంగతి వారికి ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ సంచికలో ఈ విషయం రాస్తున్నాము.

ఈ.ఎస్.ఐ. లెక్క కొంచెం తికమకగా ఉంటుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న కార్మికుల జీతంలో నూటికి ముప్పావలా, అంటే 0.75 శాతం కోస్తారు. యజమాని 3.25 శాతం కలుపుతాడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టినదానికి వైద్యం వచ్చే జనవరి నుంచి జూన్ వరకు దొరుకుతుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు వరకు దొరుకుతుంది. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. కనుక ఈ సంవత్సరం మార్చి లోపల మిల్లు మానేసి, తరువాత వేరే చోట ఈ.ఎస్.ఐ. ఉన్న పనిలో చేరనివారికి గడువు డిసెంబరు 31తో తీరిపోతుంది. కార్డు చేతిలోనే ఉంటుంది గానీ వైద్యం ఉండదు. పనిచేసిన మనిషికే కాదు, అతని మీద ఆధారపడిన భార్యాబిడ్డలకు కూడా ఈ హక్కు ఉంటుందని చాలామందికి తెలియదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నూలు మిల్లుకు ఈ.ఎస్.ఐ. వర్తిస్తుంది. పక్కనే ఉన్న జిన్నింగు మిల్లుకు వర్తించదు. పత్తి గింజ తీయడాన్ని, బేళ్ళు కట్టడాన్ని చట్టం సీజను పనిగా లెక్కగట్టి వదిలేసింది. అదే పత్తి, అదే దుమ్ము. ఒక గోడకు అటువైపు వారికి కార్డు, ఇటువైపు వారికి లేదు. ఇది మాకు న్యాయంగా తోచదు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి గదా.

మిల్లులో రిటైరైన పెద్దలకు ఒక మాట. కనీసం అయిదేళ్ళు ఈ.ఎస్.ఐ.లో ఉండి రిటైరైనవారు సంవత్సరానికి 120 రూపాయలు కడితే తమకూ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగుతుంది. ఇది ఏటేటా కట్టుకోవాలి. మరిచిపోకండి. పళ్ళ డాక్టరు అవసరం ఎక్కువగా ఉండేది ఈ వయసులోనే. అయితే కట్టుడు పళ్ళు ఇస్తారా లేదా అన్నది ముందే డిస్పెన్సరీలో అడిగి తెలుసుకోండి. గుంటూరు డిస్పెన్సరీ వారు అవసరమైతే విజయవాడ గుణదల ఈ.ఎస్.ఐ. ఆసుపత్రికి చీటీ రాస్తారు.

మరి తెల్లకార్డు ఉన్నవారి సంగతి? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం నోటి క్యాన్సరు ఆపరేషనుకు, విరిగిన దవడకు డబ్బు ఇస్తుంది. చిన్న పుచ్చు పూడ్చడానికి ఇవ్వదు. ఖైనీ దవడలో పెట్టుకునే అన్నలు, చుట్ట తాగే తాతలు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి. నోటిలో తెల్లమచ్చ గానీ, రెండు మూడు వారాలైనా మానని పుండు గానీ ఉంటే గడువుతో, కార్డుతో పని లేదు. రేపే రండి. పుచ్చు పళ్ళకైతే విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. పిల్లలకు బడిలో, అంగన్‌వాడీలో జరిగే ఆరోగ్య పరీక్షల్లో పళ్ళు కూడా చూస్తారు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో 18 ఏళ్ళ వరకు పుచ్చు పళ్ళు కూడా ఉన్నాయి. బడివారు ఇచ్చిన చీటీని సంచిలో నుంచి తీసి చదవండి.

సొంతంగా ఆరోగ్య బీమా పాలసీ తీసుకున్నవారు సంవత్సరాంతం అంటే డిసెంబరు అనుకోవద్దు. మీరు పాలసీ తీసుకున్న తేదీ నుంచే మీ సంవత్సరం. మామూలు పాలసీలు ప్రమాదంలో పళ్ళు దెబ్బతిని ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి. బయటి రోగుల ఖర్చు కూడా కలిపిన పాలసీల్లో పళ్ళకు కొంత సొమ్ము కేటాయిస్తారు. వాడుకోకపోతే సాధారణంగా అది ఆ ఏటితో పోతుంది. కాగితాలు తెచ్చుకుంటే చదివి చెబుతాము. ఇక కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడు నీళ్ళతో పళ్ళపై పడిన గోధుమరంగు మచ్చలు పోగొట్టడాన్ని బీమావారు అందం కోసం చేసే వైద్యంగా చూస్తారు. దానికి డబ్బు ఆశించవద్దు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ డిసెంబరు హడావుడి బాగా తెలుసు. అక్కడ పళ్ళకు విడిగా బీమా ఉంటుంది. చాలా పాలసీలు ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్లకు మించి ఇవ్వవు, మిగిలింది మరుసటి ఏటికి రాదు. వారి దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకు మా సలహా వేరు. ప్రయాణానికి తీసుకునే బీమా పాత పుచ్చులకు పనికిరాదు. విమానం ఎక్కడానికి రెండు నెలల ముందే ఇక్కడ పళ్ళు బాగుచేయించుకోండి.

రెండు నెలలు ఎందుకంటారా? పుచ్చు పైపొరలో ఉన్నప్పుడు ఒక్క పూటలో పూడ్చవచ్చు. లోపలి నరానికి చేరితే రూట్ కెనాల్ చేయాలి, పైన తొడుగు వేయాలి. అందుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసార్లు రావాలి. క్రిస్మస్ ముందు వారంలో వస్తే గడువు లోపల పని సగంలోనే ఆగుతుంది. పత్తి తీతల మధ్య కూలి పోతుందని మాకూ తెలుసు. వాన పడి చేను తడిగా ఉన్న రోజున రండి. మిరప కోతలు మొదలైతే మళ్ళీ ఏప్రిల్ దాకా మీకు తీరిక ఉండదు. పైపన్ను తీయిస్తే చూపు పోతుందన్న భయం కూడా వద్దు. కంటి నరానికీ పంటి నరానికీ సంబంధం లేదు.

ఆ తల్లికి చీము తీసి మందులు ఇచ్చాము, వాపు తగ్గాక పన్ను తీయాల్సి వచ్చింది. సెప్టెంబరులో అయితే ఆ పన్ను నిలిచేదే. భర్త ఇప్పుడు మరో మిల్లులో చేరాడు. మొన్న వచ్చినప్పుడు, తన చందా ఏ నెల నుంచి పడుతోందో కాగితం మీద రాయించుకుని వెళ్ళాడు.