తొంభై దాటని లెక్క

పసిబిడ్డ మాడు మీద ఆముదం అద్దే అమ్మమ్మ వేళ్లకు ఒక్కోసారి డాక్టరు కన్నా ముందే తెలుస్తుంది. మెత్తగా ఉండాల్సిన మాడు బిగిసి ఉబ్బింది. తల చూస్తుండగానే పెద్దదవుతోంది. నల్లగుడ్లు కిందికి దిగిపోయి, వాటి పైన తెల్లగుడ్డు కనిపిస్తోంది. మెదడు గదుల్లో ఊరే ద్రవానికి బయటికి పోయే దారి మూసుకుపోతే ఇలా అవుతుంది. దీని పేరు హైడ్రోసెఫలస్.

దారి చేయడానికి ప్రధానంగా రెండు ఆపరేషన్లున్నాయి. ఒకటి షంట్: మెదడు గదిలోంచి చర్మం కిందుగా పొట్టలోకి దింపే సన్నటి గొట్టం, దానికో వాల్వు. రెండోది ఈటీవీ: ఎండోస్కోపుతో లోపలికి వెళ్లి మూడో గది అడుగున చిన్న రంధ్రం చేయడం. బోస్టన్‌లో విలియం జేసన్ మిక్స్‌టర్ 1923లోనే, మూత్రనాళాన్ని పరీక్షించే పరికరంతో, తొమ్మిది నెలల పాపకు ఈ రంధ్రం చేశాడు.

రెండింటికీ లోపాలున్నాయి. షంట్ మూసుకుపోతుంది, ఇన్ఫెక్షన్ పడుతుంది. మూడు రకాల వాల్వులను 344 మంది పిల్లల్లో పోల్చిన అధ్యయనం 1998లో వెలువడింది. ఏదీ మెరుగని తేలలేదు, ఏడాది తిరక్కుండానే నూటికి నలభై దాకా మొరాయించాయి. ఇక రంధ్రం సంగతి. కొందరికి అది ఏళ్ల తరబడి పనిచేస్తుంది, కొందరికి వారాల్లోనే పూడిపోతుంది. ఎవరికి ఏది చేయాలి? చాలాకాలం దీనికి జవాబు సర్జను అనుభవమే.

2009లో టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆస్పత్రి న్యూరోసర్జన్ అభయ కులకర్ణి, ఆయన సహచరులు ఆ అనుభవాన్ని ఒక కూడికగా మార్చారు. 12 ఆస్పత్రుల్లో ఈటీవీ జరిగిన 618 మంది పిల్లల వివరాలు తీశారు. 455 మందితో లెక్క కట్టి, మిగిలిన 163 మంది మీద సరిచూశారు. చివరికి మిగిలినవి మూడే ప్రశ్నలు: వయసెంత, నీరెందుకు చేరింది, ఇదివరకు షంట్ వేశారా?

రెండు నెలల బిడ్డ, ఇన్ఫెక్షన్ తర్వాత నీరు చేరింది, షంట్ లేదనుకుందాం. వయసుకు 10, కారణానికి 0, షంట్ లేనందుకు 10. మొత్తం 20. అంటే ఆరు నెలల దాకా రంధ్రం నిలిచే అవకాశం నూటికి ఇరవై. ఎనిమిదేళ్ల పిల్లవాడికి మెదడులోని సన్నని కాలువ ఇరుకైపోయిందనుకుందాం: 40, 30, 10 కలిపి 80. అదే ఇరుకు రెండు నెలల బిడ్డకుంటే 50 మాత్రమే. వయసొక్కటే ముప్ఫై మార్కులు కోసేసింది! అన్నీ కలిసొచ్చినా 90 దాటదు. నూటికి నూరు ఈ లెక్కలో ఎవరికీ రావు. దీన్ని తయారుచేసినవాళ్ల నిజాయితీ నాకు అక్కడే కనిపిస్తుంది.

అసలు పరీక్ష ఉగాండాలో ఎదురైంది. అంబాలేలోని క్యూర్ ఆస్పత్రికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పసికందులు, అందులోనూ చాలామందికి ఇన్ఫెక్షనే కారణం. టొరంటో లెక్కలో వీళ్లకు పెద్దగా మార్కులు రావు. అలాగని షంట్ వేసి పంపిస్తే, పల్లెలో అది మూసుకుపోయిన రోజు న్యూరోసర్జన్ దగ్గరికి చేరేలోపే ప్రాణం పోవచ్చు. అక్కడి సర్జన్ బెంజమిన్ వార్ఫ్ రంధ్రంతో పాటు ద్రవాన్ని ఊరించే కణజాలాన్ని కూడా కాల్చే పద్ధతి చేపట్టాడు. ఆ కణజాలం ఎంతమేర కాలిందన్నది కూడా కలుపుకుని 2010లో ఉగాండా పిల్లల కోసం వేరే స్కోరే వచ్చింది. షంట్ తప్పనివాళ్ల కోసం వార్ఫ్ మన దేశంలో తయారయ్యే చవకైన ఛాబ్రా షంట్‌ను ఖరీదైన విదేశీ షంట్‌తో 195 మంది పిల్లల్లో పోల్చి చూశాడు. ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2017లో, వంద మంది పసికందుల మీద జరిగిన అధ్యయనంలో షంట్‌కూ వార్ఫ్ పద్ధతికీ మధ్య కూడా అంతే: ఏడాది తర్వాత పిల్లల మానసిక ఎదుగుదలలో గణనీయమైన తేడా కనిపించలేదు.

వయసు పెరిగితే మార్కులు పెరుగుతాయి కదా, కొన్నాళ్లు ఆగుదామా అని తల్లిదండ్రులకు అనిపించవచ్చు. ఆగకూడదు. ఈ స్కోరు ఏ ఆపరేషన్ అన్నది తేల్చడానికే గానీ ఎప్పుడు అన్నదానికి కాదు; లోపలి ఒత్తిడి మెదడును రోజూ దెబ్బతీస్తూనే ఉంటుంది. టీకాకు బిడ్డను తీసుకెళ్లినప్పుడు బరువుతో పాటు తల చుట్టుకొలత కూడా టేపుతో కొలిపించి, కార్డులో రాయించుకోండి.