కుంచె కొనలో రంగు: క్రిటాలో నాలుగు వర్ణవిధానాలు

మచిలీపట్నం కలంకారీలో చెక్క అచ్చు ఆకృతిని మాత్రమే ఇస్తుంది. వర్ణం అద్దకపు రంగుది. డిజిటల్ చిత్రలేఖనంలో బొమ్మతో తయారుచేసుకొన్న కుంచె కొన కూడా ఒక అచ్చే. అయితే ఆ బొమ్మలోని రంగులు ఏమి కావాలో వర్ణవిధానం నిర్ణయిస్తుంది. క్రిటా సాఫ్ట్‌వేర్‌లో ఇవి నాలుగు.

ఆల్ఫా మాస్క్‌లో బొమ్మ అచ్చుచెక్క వంటిది. నల్లని భాగం చిత్రకారుడు ఎంచుకొన్న రంగును నిండుగా, బూడిద భాగం పలుచగా అద్దుతాయి. తెల్లని భాగం ఏమీ అద్దదు. కలర్ ఇమేజ్‌లో బొమ్మ సొంత రంగులే పడతాయి; ఎంచుకొన్న రంగుకు పాత్ర లేదు. లైట్‌నెస్ మ్యాప్‌లో బొమ్మలోని వెలుగునీడలు నిలిచి, వర్ణం మాత్రం ఎంచుకొన్న రంగు నుండి వస్తుంది. దళసరి రంగుపూత గరుకుదనాన్ని చూపడానికి ఇది అనువైనది. గ్రేడియంట్ మ్యాప్‌లో ఆ వెలుగు స్థాయిలే వర్ణశ్రేణిలోని రంగులుగా మారతాయి.

ఈ భేదం పరిశోధకులకూ ముఖ్యమే. పాత వస్త్రంపై ఉన్న అలంకారాన్ని స్కాన్ చేసి ఆల్ఫా మాస్క్ కుంచెగా వాడితే, చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం ఒకే రంగులోని చిక్కదనపు తేడాలుగా మిగులుతాయి. రెండింటి వెలుగు సమానమైతే ఆ తేడా కూడా కనిపించదు. కనుక మూలవర్ణాలను చూపవలసినచోట కలర్ ఇమేజ్‌నే ఎంచుకోవాలి. వాడిన విధానాన్ని పేర్కొని, మూల స్కాన్‌ను విడిగా భద్రపరచడం అవసరం.