పత్తి మనది, నూలు ఎవరిది?

"ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అని మా అవ్వ ఎవర్నో ఒకర్ని అంటూనే ఉంటుంది. మేకు అంటే తెలుసు. ఏకు అంటే ఏంటో మాత్రం మొన్న సెలవుల్లో ఒక ఖాదీ ఎగ్జిబిషన్‌కి వెళ్తేనే తెలిసింది. గింజ తీసి, ఏకిన దూదిని వేలంత లావున మెత్తగా చుడితే అదే ఏకు. దాన్నుంచే నూలు వడుకుతారు. స్టాల్‌లో ఒక పెద్దావిడ నా చేతిలో ఒక ఏకు పెట్టి, "లాగు బాబూ, తెగితే తెగనీ" అంది. తెగింది. ఇంకోటి ఇచ్చింది. అరగంట తర్వాత నేను పెట్టె రాట్నం కొనుక్కుని బయటికి వచ్చాను.

ఎందుకు కొన్నానో చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. మాది ఆలూరు. మా వైపు నల్లరేగడి, పత్తి బాగా వేస్తారు. తీసిన పత్తి ఆదోని మార్కెట్ యార్డుకి పోతుంది, అక్కణ్ణుంచి జిన్నింగ్ మిల్లుకి, ఆ తర్వాత 170 కిలోల బేళ్లుగా ఎక్కడికో. ఇంకోవైపు ఎమ్మిగనూరు ఉంది, మగ్గాల ఊరు. మాచాని సోమప్ప గారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు, 1954లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అంటే ఒక పక్క పత్తి, ఒక పక్క మగ్గం. మధ్యలో నూలు తయారవడం మాత్రం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. అది మిల్లు నుంచి వస్తుంది, అంతే.

ఒకప్పుడు ఈ మధ్య మెట్టు ఇళ్లలోనే ఉండేది. మళ్లీ ఇళ్లలోకి తేవాలని 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశం 20 లక్షల రాట్నాలు తిప్పించాలని టార్గెట్ పెట్టుకుంది. పింగళి వెంకయ్య గారు గాంధీకి జెండా చూపించింది కూడా అక్కడే. జెండా సంగతి మనకి స్కూల్లో చెప్పారు, 20 లక్షల సంగతి చెప్పలేదు. 1929లో అఖిల భారత చరఖా సంఘం మంచి రాట్నం డిజైన్ చేసినవాళ్లకి లక్ష రూపాయలు ఇస్తామంది. ఆ రోజుల్లో లక్ష! ఇప్పటి మాటల్లో అది హార్డ్‌వేర్ హ్యాకథాన్. షరతులన్నీ దాటిన మెషిన్ మాత్రం రాలేదు. నేను కొన్న పెట్టె రాట్నాన్ని ఎరవాడ చక్రం అని కూడా అంటారు. గాంధీ ఎరవాడ జైల్లో ఉన్నప్పుడు రూపు దిద్దుకున్న మోడల్ ఇది. మూసేస్తే చిన్న సూట్‌కేసు, తెరిస్తే రెండు చక్రాలు, ఒక కదురు.

పెద్ద చక్రానికీ చిన్న చక్రానికీ ఒక దారం, చిన్న చక్రానికీ కదురుకీ ఇంకో దారం. మొదటి మెట్టులో ఎనిమిది రెట్లు, రెండో మెట్టులో పది రెట్లు అనుకుంటే, పిడి ఒక్క చుట్టు తిప్పితే కదురు 80 చుట్లు తిరుగుతుంది. కుడి చెయ్యి తిప్పుతూ ఉంటే ఎడమ చెయ్యి ఏకుని వెనక్కి లాగుతుంది. కదురు కొసన దూదికి పురి పడి పోగు అవుతుంది. చెయ్యి చాచినంత పోగు అయ్యాక దాన్ని కదురు మీదకి చుట్టాలి. అలా చుట్టుకున్నదే కండె.

నాకు బాగా నచ్చిన విషయం పురిలో ఉంది. దూది పింజలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవు, పురి పడితే ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, ఆ రాపిడే బలం. పురి ఎప్పుడూ ముందు సన్నగా ఉన్న చోటికి పరిగెడుతుంది, ఎందుకంటే సన్న చోటు తేలిగ్గా మెలి తిరుగుతుంది. అక్కడ గట్టిపడిపోతుంది. లావుగా ఉన్న చోట పురి తక్కువ, కాబట్టి లాగితే సాగేది అదే. అంటే పోగు తన హెచ్చుతగ్గుల్ని తనే సరిచేసుకుంటుంది. ఎవరూ కోడ్ రాయని లోడ్ బ్యాలెన్సింగ్.

ఇప్పుడు అసలు లెక్క. ఒక చొక్కాకి గజం పన్నా గుడ్డ రెండున్నర మీటర్లు కావాలనుకుందాం. అంగుళానికి 50 పడుగు పోగులు, 50 పేక పోగులు ఉంటే మొత్తం నూలు దాదాపు 9,000 మీటర్లు. అంటే కిలోమీటరు చిలపలు తొమ్మిది. 40 కౌంటు నూలుకి అంగుళానికి 25 దాకా పురి కావాలి, మీటరుకి సుమారు వెయ్యి. సెకనుకి ఒకసారి పిడి తిప్పితే మీటరుకి పన్నెండున్నర సెకన్లు. చొక్కాకి 31 గంటలు. కండెకి చుట్టే టైమూ, తెగితే అతికే టైమూ ఇందులో లేవు.

మిల్లులో కదురు నిమిషానికి పదిహేను ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. నా రాట్నంలో 4,800. తేడా నాలుగు రెట్లే! మిల్లు గెలిచింది స్పీడ్ ఒక్కదాంతోనే అనుకుంటే పొరపాటు. అక్కడ ఒక మనిషి వందల కదుర్లు చూసుకుంటాడు, పైగా లాగడం, పురి పెట్టడం, చుట్టడం మూడూ ఒకేసారి జరుగుతాయి. పక్కా పేరలల్ ప్రాసెసింగ్.

ఇంకో లెక్క మా నాన్నకి చూపించాను. ఆ 9,000 మీటర్ల నూలు బరువు 133 గ్రాములు. గింజ పత్తిలో దూది మూడో వంతే కాబట్టి, పత్తి 400 గ్రాములు. 2024-25కి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలు 7,521 రూపాయలు. అంటే చొక్కాలో రైతుకి చేరేది 30 రూపాయలు, అదీ మద్దతు ధర దక్కితే. విత్తనం, మందులు, కూలి అన్నీ అందులోంచే. నాన్న కాగితం చూసి, "నీ చొక్కా ఎంత పెట్టి కొన్నావు రా?" అని అడిగాడు. నేను చెప్పలేదు.

రాట్నంతో ఈ లెక్క మారిపోతుందని నేను చెప్పను. 31 గంటల కూలి చొక్కా ధరలో కలిపితే కొనేవాళ్లు తక్కువ, కలపకపోతే వడికేవాళ్లకి కడుపు నిండదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వంద కౌంటు నూలు ఇప్పటికీ చేత్తో వడుకుతున్నారు. దూది ఏకడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు, దాని సన్న పళ్లే దువ్వెన. అంత నైపుణ్యం ఉన్నచోట కూడా కూలి సరిపోదన్నదే పెద్ద బాధ.

కొనాలనుకునేవాళ్లకి రెండు మాటలు. కదురు వంకర లేకుండా ఉందో లేదో తిప్పి చూడండి, కొస అదిరితే పోగు తెగుతూనే ఉంటుంది. దారాలు వదులైతే చక్రం తిరుగుతుంది కానీ కదురు తిరగదు, అందుకే స్పేర్ దారం అడిగి తీసుకోండి. ఏకులు కూడా అక్కడే కొనండి. ఇంట్లో పత్తి ఉంది కదా అని నేను మా చేను పత్తి తీసుకుని, పీట మీద పెట్టి, ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీశాను. గంటకి గుప్పెడు వచ్చింది. అవ్వ పక్కన కూర్చుని, "ఏందిరా, ఇంజనీరింగ్ అంటే ఇదేనా?" అని ఒకటే నవ్వు. నవ్వుతూనే సగం గింజలు తనే తీసింది.

ఇప్పటికి మా చేను పత్తితో 140 మీటర్లు అయ్యింది. లావూ సన్నం కలిసిన నూలు, మగ్గం ఎక్కదు, కానీ లాగితే తెగట్లేదు. వచ్చే వారం రాట్నం క్లబ్ రూమ్‌కి తెస్తాను. ఎవరైనా వచ్చి తిప్పొచ్చు. ఏకులు మాత్రం మీవి మీరే తెచ్చుకోవాలి.