తెలిసిన పేరుతో వచ్చే తెలియని ఫైలు

పాత నాణేలు సేకరించే అభిరుచి గలవారికి ఈమెయిల్ గొప్ప సదుపాయం. చార్మినార్ బొమ్మ గల నిజాం రూపాయి వరంగల్‌లో ఒకరికి దొరికితే, దాని ఛాయాచిత్రాలు ఆ సాయంత్రానికే గుంటూరులోని మిత్రునికీ, జిద్దాలో ఉద్యోగం చేసుకుంటున్న మరొకరికీ చేరిపోతాయి. దానిపై ఉన్న హిజ్రీ సంవత్సరాన్ని చదవలేనివారికి చదవగలిగినవారు చెబుతారు. ఇంతకన్నా మేలైన కాలక్షేపం అరుదు. అయితే ఇటువంటి బృందాలకు ఒక బలహీనత కూడా ఉంది. మెయిలుకు జతచేసిన ఫైళ్లను తెరవడమే వీరి నిత్యకృత్యం. అవి పంపేవారూ పరిచితులే. అపరిచితుడు తట్టితే మనం తలుపు తీయం. తెలిసిన గొంతు వినిపిస్తే మాత్రం వెంటనే గడియ తీస్తాం. ఈమెయిల్ వైరస్ ఆ తెలిసిన గొంతుతోనే పిలుస్తుంది.

2000 మే 4న ఫిలిప్పీన్స్ నుండి బయలుదేరిన 'ఐ లవ్ యూ' వైరస్ ఇందుకు చక్కని నిదర్శనం. ప్రేమలేఖ అన్న పేరుతో ఒక ఫైలు వచ్చేది. పేరు చివర 'టిఎక్స్‌టి' అని కనిపించడంతో చదువరులు దానిని సాధారణమైన రాతప్రతి అనుకున్నారు. నిజానికి ఆ తరువాత 'విబిఎస్' అనే మరో తోక ఉండేది. ఫైలు పేరులోని చివరి తోకను విండోస్ మామూలుగా కనబడనీయదు. ఫైలును తెరచిన మరుక్షణం అది ఔట్‌లుక్ చిరునామాల పట్టికలోని వారందరికీ, ఆ ఇంటి యజమాని పేరిటే, తన ప్రతిని పంపుకొనేది. అంతటితో ఆగక కంప్యూటర్లో దాచుకున్న ఛాయాచిత్రాల స్థానంలో తన ప్రతులను నింపేది. ఏళ్ల తరబడి కూడబెట్టిన చిత్రాలు క్షణాల్లో మాయమయ్యేవి. చివరకు బ్రిటన్ పార్లమెంటు సైతం తన మెయిల్ వ్యవస్థను కొంతసేపు నిలిపివేయవలసి వచ్చింది. అటువంటి చర్యను శిక్షించే చట్టం ఆనాడు ఫిలిప్పీన్స్‌లో లేకపోవడం వలన నిందితునిపై కేసు నిలబడలేదు.

అది పాత కథ అని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఆ తరువాత వచ్చిన 'ఎమోటెట్' మరింత గడుసుది. అది ఒకరి మెయిల్‌పెట్టెలోని పాత ఉత్తరాలను దొంగిలించి, వాటికే జవాబు రాసినట్లుగా కొత్త మెయిల్ పంపేది. మీరు అడిగిన నాణెం గురించే, మీ మాటల కిందనే, మీ మిత్రుని పేరుతో జవాబు వస్తే ఎవరు అనుమానిస్తారు? 2021 జనవరిలో పలు దేశాల పోలీసులు కలిసి దాని సర్వర్లను స్వాధీనం చేసుకున్నారు. అదే ఏడాది నవంబరులో అది మళ్లీ తల ఎత్తింది.

కనుక పంపినవారి పేరు చూసి నమ్మడం చాలదు. బృందంలో ముందుగానే ఒక కట్టుబాటు ఉండాలి: ఛాయాచిత్రం తప్ప మరే ఫైలూ చెప్పకుండా పంపరాదు. వర్డ్ ఫైలో, జిప్ ఫైలో పంపవలసి వస్తే ముందుగా ఫోనులో ఒక మాట చెప్పాలి. తెరచిన వర్డ్ ఫైలు 'మాక్రోలను అనుమతించండి' అని కోరితే వెంటనే మూసివేయాలి. నాణెం వివరాలు చదవడానికి మాక్రోలతో పనేమిటి? సంకేతపదంతో మూసిన జిప్ ఫైలు పట్ల మరింత జాగ్రత్త అవసరం. దాని లోపల ఏముందో వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్ కూడా చూడలేదు. విండోస్‌లో ఫైలు పేరు చివరి తోక కనిపించేలా అమర్చుకోవడం అరనిమిషం పని. ఇక అందరికీ ఒకేసారి మెయిల్ పంపేటప్పుడు చిరునామాలను 'బిసిసి' గడిలో వేయడం మంచిది. ఒకరి మెయిల్‌పెట్టె దొంగల పాలైనా మిగతావారి చిరునామాలన్నీ ఆ ఒక్క ఉత్తరంతో వారి చేతికి చిక్కవు.

హెచ్చరికల పేరిట జరిగే నష్టం వేరు. 2002 ప్రాంతంలో ఎలుగుబంటి బొమ్మ గల ఒక ఫైలు వైరస్ అనీ, దానిని వెంటనే తుడిచివేయమనీ ఒక మెయిల్ ఊరూరా తిరిగింది. అది విండోస్‌లోని మామూలు ఫైలే. పరోపకారం అనుకొని ఎందరో తమ కంప్యూటర్ల నుండి దానిని తామే తొలగించుకున్నారు. విన్నదానినల్లా విచారించకుండా చేరవేయరాదని మన పెద్దలు చెప్పినది ఇటువంటి చోటనే అక్కరకు వస్తుంది.

ఎంత జాగ్రత్తపడినా ఎవరో ఒకరు పొరబడతారు. తరచుగా ఆ ఒకరు బృందంలోని వయోవృద్ధుడై ఉంటాడు. అందరికన్నా ఎక్కువ నాణేలు తెలిసినవాడూ ఆయనే. 'మీ వల్లే మాకీ బెడద' అని నలుగురిలో అంటే ఆయన మరోసారి ప్రమాదం జరిగినా దాచిపెడతాడు, లేదా బృందానికే దూరమవుతాడు. ఈ రెండవ నష్టమే పెద్దదని మా అభిప్రాయం. ఆయన వెంటనే చెప్పగలిగే వాతావరణం ఉంటే మిగతావారు ఆ ఫైలును తెరవకుండా తప్పించుకుంటారు. ఇంట్లోని పిల్లలు ఆయన కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసివేసి, మరో పరికరం నుండి మెయిల్ సంకేతపదాన్ని మార్చాలి. మెయిళ్లు రహస్యంగా మరో చిరునామాకు మళ్లేలా ఎవరైనా అమర్చారేమో కూడా చూడాలి. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. ఛాయాచిత్రాల రెండవ ప్రతిని విడిగా ఒక హార్డ్‌డిస్క్‌లో దాచుకోవాలి. ప్రతి తీసుకోవడం పూర్తికాగానే ఆ హార్డ్‌డిస్క్‌ను కంప్యూటర్ నుండి వేరుచేసి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉంచితే వైరస్ దానినీ వదలదు.