పెరటి గింజలతో పూసల దండలు

కోతలు ముగిసి, నూర్పిళ్ళు పూర్తియై, ధాన్యము ఇల్లు చేరిన తరువాత పల్లెలలో కొంత తీరిక దొరకును. జాతరలు, తిరునాళ్ళు, పెండ్లిండ్లు వచ్చునదియు ఆ దినములలోనే. ఆడపిల్లలు మెడకొక దండ, చేతికొక కంకణము కావలెనని ముచ్చటపడుదురు. బంగారము మాట అటుంచి, సంతలో అమ్ము ప్లాస్టిక్ పూసల దండకైనను రొక్కము పెట్టవలసినదే. అది కొన్నాళ్ళకు రంగు వెలిసి, దారము తెగి, పెంటకుప్పలో పడును. అక్కడ నుండి ఎరువుతో పాటు బండి యెక్కి పొలములోనికి చేరును. అది మట్టిలో కలియదు, పైరుకు పనికిరాదు.

అదే సమయమున మన పెరటిలో కుంకుడు చెట్టు క్రింద నల్లని గింజలు రాలియుండును. చింతపండు కొట్టిన చోట పిక్కలు కుప్పగా పడియుండును. ఇట్టి గింజలతో దండలు గ్రుచ్చుట మనకు క్రొత్త విద్య కాదు. తామర గింజల జపమాలలు మనమందరము చూచినవే. కొద్దిపాటి పనిముట్లు, కొంచెము ఓపిక ఉన్నచో ఇంటిలోని వారే చక్కని దండలు, కంకణములు, జడకు కట్టుకొను పూసలు చేసికొనవచ్చును.

అయితే గింజలన్నియు ఒకటి కావు. చూచుటకు అన్నిటికంటె అందమైన గింజయే అన్నిటికంటె ప్రమాదకరమైనది కావచ్చును. కనుక ఏ గింజ మెడలో వేసికొనదగినదో, ఏది ఇంట ఉంచరానిదో తెలిసికొనిన పిమ్మటనే ఈ పనికి పూనుకొనవలెను. మొదట ఆ సంగతి, తరువాత పని విధానము, చివర ఖర్చు లెక్క ఈ క్రింద వివరించుచున్నాము.

ముట్టరాని గింజలు

1. గురివింద: ఎర్రని ఒడలు, ఒక కొన నల్లని మచ్చ గల ఈ గింజను ఎరుగనివారుండరు. పూర్వము కంసాలులు బంగారమును దీనితోనే తూచెడివారు. కంచెలపై తీగ అల్లుకొని, కాయ పగిలినప్పుడు గింజలు మెరయుచుండును. పిల్లలు వీటిని ఏరి జేబులో వేసికొందురు. ఈ గింజలో అబ్రిన్ అను తీవ్రమైన విషము కలదు. పై పెంకు గట్టిది గనుక, పగులని గింజను మ్రింగినచో అది పలుమార్లు అరుగకయే బయటకు పోవును. అందువలన దీనితో ఏమియు కాదని కొందరు భ్రమపడుదురు. కాని నమిలినను, పగిలినను, రంధ్రము చేసినను ఆ రక్షణ పోవును. దండ గ్రుచ్చుట అనగా ప్రతి గింజకును రంధ్రము చేయుటయే గదా! రంధ్రము చేయునప్పుడు లేచు పొడియు, ఆ సూది వ్రేలికి గుచ్చుకొనుటయు కూడ అపాయకరములే. 2011లో బ్రిటన్ దేశమున ఈ గింజలతో చేసిన కంకణములు అంగళ్ళలో అమ్ముడైన తరువాత, ప్రమాదము తెలిసి, కొన్నవారందరును వాటిని తిరిగి ఇచ్చివేయవలెనని ప్రకటించిరి. గురివింద తన నలుపు తానెరుగదని సామెత. దాని విషము మాత్రము మనము ఎరిగియుండవలెను.

2. ఆముదము: చారలతో మెరయు ఆముదపు గింజలోను రిసిన్ అను విషము కలదు. నూనె వేరు, గింజ వేరు. నూనె మందుగా వాడుదుమని గింజను పూసగా వాడరాదు.

3. పచ్చగన్నేరు: ఈ చెట్టు కాయలోని పప్పు గుండెను దెబ్బతీయు విషము. దాని పెంకును కూడ అలంకారమునకు వాడరాదు.

4. సీతాఫలము: నల్లగా, నున్నగా ఉండు ఈ గింజ పూసకు తగినదని తోచును. కాని దీని పొడి కంటిలో పడినచో మంట, వాపు కలిగి చూపునకు హాని చేయును. బరమా పెట్టినప్పుడు లేచునది ఆ పొడియే గనుక దీనిని మానవలెను.

5. మందు పట్టించిన విత్తనము: విత్తగా మిగిలిన మొక్కజొన్న, జొన్న మొదలగు విత్తనములు గులాబి, ఎరుపు, ఆకుపచ్చ రంగులలో ఉండును. ఆ రంగు అలంకారమునకు వేసినది కాదు. శిలీంధ్రనాశినియో, పురుగుమందో పట్టించితిమని తెలుపు గుర్తు అది. ఎన్నిసార్లు కడిగినను వాటిని పిల్లల చేతికి ఈయరాదు, దండకు వాడరాదు.

గురివిందను పోలి, నల్లమచ్చ లేక పూర్తిగా ఎర్రగా ఉండు పెద్ద గింజ ఒకటి కలదు. దానిని బండి గురివెంద అందురు. అది తీగకు గాక పెద్ద చెట్టుకు కాయును. పూసలకు దానిని చాలమంది వాడుదురు. కాని రెంటిని ఒకే డబ్బాలో కలిపివేయుట సులభము గనుక, క్రొత్తగా నేర్చుకొనువారు దానిని కూడ విడిచిపెట్టుట మేలు.

వాడదగిన గింజలు

కుంకుడు గింజ ఈ పనికి అన్నిటికంటె అనువైనది. గుండ్రముగా, నల్లగా, గట్టిగా ఉండును. సుమారు ఒక సెంటీమీటరు మందముండును. ఏ రంగును వేయనక్కర లేదు. చింతపిక్క గోధుమవన్నెతో మెరయును. పలకలుగా ఉండుట వలన కంకణమునకు బాగుగా ఒదుగును. తామర గింజ అండాకారముగా ఉండి, నునుపు చేసినచో చక్కగా నిగనిగలాడును. మొదట ఈ మూడింటితో చేయి తిరిగిన తరువాత ఇతర గింజల మాట ఆలోచింపవచ్చును. పేరు తెలియని అడవి గింజను మాత్రము ఎన్నడును వాడరాదు.

పని విధానము

కావలసిన సామాను: చేతి బరమా, ఒకటిన్నర మిల్లీమీటరు మొన, చిన్న కొయ్యదిమ్మ, సన్నని గరుకు కాగితము, మైనము రాచిన గట్టి నూలుదారము లేదా నైలాను దారము, కొక్కెములు.

1. కుంకుడు కాయలను గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానబెట్టవలెను. ఉదయము పిసికినచో గుజ్జు వేరగును. ఆ నురుగు నీటిని తలంటుకు గాని, బట్టలకు గాని వాడుకొనవచ్చును. నురుగు కంటిలో పడకుండ చూచుకొనవలెను. గింజలను మంచినీటిలో రెండుమార్లు కడిగి, నీడలో మూడు నాలుగు దినములు ఆరబెట్టవలెను. తొందరపడి మండుటెండలో పోసినచో పెంకు నెరియలు వారును.

2. ఆరిన గింజలను పరిమాణమును బట్టి మూడు కుప్పలుగా విడదీయవలెను. పుచ్చినవి, పగిలినవి, తేలికగా ఉన్నవి తీసివేయవలెను. ఒకే దండలో ఒకే పరిమాణము గింజలున్నప్పుడే దానికి అందము.

3. కొయ్యదిమ్మలో గింజ సగము వరకు దిగునట్లు గుంట తొలిచి, గింజను అందులో బిగించి రంధ్రము చేయవలెను. గింజను వ్రేళ్ళతో పట్టుకొని బరమా త్రిప్పరాదు. గింజ జారినచో మొన వ్రేలిలో దిగును. ముందు ఒక ప్రక్క నుండి సగము వరకు, పిదప రెండవ ప్రక్క నుండి మిగిలిన సగము తొలిచినచో పెంకు చిట్లదు. చింతపిక్కలను ఒక రాత్రి నానబెట్టి, తుడిచి, తడి ఆరకముందే తొలిచిన సులభము.

4. తొలుచునప్పుడు ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొనవలెను. కుంకుడు పొడి తుమ్ములు తెప్పించును. పని ముగిసిన తరువాత ఆ పొడిని తడిగుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. చంటిపిల్లలను ఒడిలో పెట్టుకొని ఈ పని చేయరాదు.

5. తొలిచిన గింజలను నీడలో మరల రెండు దినములు ఆరనిచ్చి, గరుకు కాగితముతో అంచులు సరిచేసి, కొంచెము తేనెమైనము రాచి పాత నూలుగుడ్డతో రుద్దవలెను. నూనె ఎక్కువగా రాచినచో జిడ్డుగట్టి దుమ్ము పట్టును.

6. 45 సెంటీమీటర్ల దండకు ఒక సెంటీమీటరు గింజలు 30, వాటి నడుమ అర సెంటీమీటరు గాజుపూసలు 30 సరిపోవును. గాజుపూసల తయారీకి తిరుపతి దగ్గరి పాపానాయుడుపేట పేరుపొందినది. ప్రతి అయిదు గింజలకు ఒక ముడి వేసినచో, దారము తెగినను గింజలన్నియు చెదరిపోవు.

మూడేండ్ల లోపు పిల్లలకు ఏ గింజల దండయు వేయరాదు. గింజ విషము లేనిదైనను గొంతులో అడ్డుపడి ఊపిరి ఆగవచ్చును. పెద్ద పిల్లలకు కూడ నిద్రపోవునప్పుడు దండ తీసివేయవలెను.

గాదెకు ముప్పు రాకుండ

ఇక్కడ రైతు ప్రత్యేకముగా గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. నిలువయున్న వేరుశనగకాయలకు పట్టు బ్రూచిడ్ పురుగునకు చింత చెట్టే ఒక పుట్టినిల్లు. చింతకాయలపై గ్రుడ్లు పెట్టి, పిక్కలలో పెరిగిన పురుగు, అదను దొరికినప్పుడు వేరుశనగ బస్తాలకు చేరును. కాయ పెంకు మీద గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు లోనికి తొలుచుకొనిపోయి పప్పును తినివేయును. కాబట్టి దండల కొరకని చింతపిక్కలను మూటగట్టి, విత్తనపు వేరుశనగ ఉన్న గదిలో పడవేసినచో, పది రూపాయల దండ కొరకు ఏడాది విత్తనమును పోగొట్టుకొన్నట్లగును.

దీనికి మార్గము సులభము. చింతపిక్కలను తెచ్చిననాడే, వాటిని నానబెట్టుటకు ముందే, నేలపై నల్ల పాలిథీన్ పట్టా పరచి, దానిపై పిక్కలను పలుచగా పోసి, పైన తెల్లని పారదర్శకమైన పట్టా కప్పి, అంచులపై మట్టి వేయవలెను. ఎండాకాలపు మధ్యాహ్నపు ఎండలో లోపలి వేడికి పురుగు, గ్రుడ్లు చచ్చును. ఈ వేడికి కొన్ని పిక్కలు నెరియలు వారిన వారవచ్చును, వాటిని ఏరివేయవలెను. మిగిలినవాటిని మూత గట్టిగా పట్టు డబ్బాలో, వేరుశనగ ఉన్న గదికి దూరముగా ఉంచవలెను. పూర్తియైన దండలను కూడ నెలకొకమారు తీసి చూచుట మంచిది. గింజపై గుండ్రని చిన్న రంధ్రము క్రొత్తగా కనిపించినచో అది పురుగు పని. ఆ దండను విప్పి పుచ్చిన గింజలను కాల్చివేయవలెను.

ఖర్చు లెక్క

తన ఇంటి వాడుకకు చేసికొనినప్పుడు లెక్క అక్కర లేదు. అమ్మదలచినచో మాత్రము కాగితముపై లెక్క వేసియే దిగవలెను. ఉదాహరణకు ఒక దండకు గాజుపూసలకు 6 రూపాయలు, దారమునకు 3, కొక్కెమునకు 3, మైనము, గరుకు కాగితములకు 1, మొత్తము 13 రూపాయలు అగుననుకొందము. గింజ ఏరుట మొదలు ముడి వేయుట వరకు గంటన్నర పట్టుననుకొందము. సంతలో దండ 60 రూపాయలకు అమ్ముడైనచో, ఖర్చు పోను 47 రూపాయలు మిగులును. అనగా గంటకు సుమారు 31 రూపాయలు. ఎనిమిది గంటల కూలి 400 రూపాయలున్న ఊరిలో గంట కూలి 50 రూపాయలు. కాబట్టి కలుపు తీతలు, కోతలు ఉన్న దినములలో ఈ పనికి కూర్చొనుట నష్టమే. పనిలేని మధ్యాహ్నములలో, వానపడు దినములలో చేసినది మాత్రము లాభమే. మీ ఊరి ధరలు వేసికొని ఈ లెక్కను మీరే తిరిగి కట్టుకొనవచ్చును.

చింతపిక్కలకు పిండి మిల్లుల వలన ధర కలదను సంగతి కూడ మరువరాదు. బస్తాలకొలది పిక్కలున్నవారు వాటిని అమ్ముకొని, మంచి గింజలు నాలుగు శేర్లు మాత్రము దండలకు ఉంచుకొనుట యుక్తము. పదిమంది స్త్రీలు సంఘముగా చేరి పూసలు, దారము ఒకేమారు కొన్నచో ఖర్చు తగ్గును. బరమాలు రెండు ఉన్నను వంతులవారీగా అందరికిని చాలును.

గ్రామాధికారులకు మనవి

జాతరలలో, బడి దగ్గరి అంగళ్ళలో గురివింద కంకణములు అమ్ముచున్నట్లు కనిపించినచో, అమ్మువారికి దాని ప్రమాదమును మంచిమాటతో తెలియజెప్పవలెను. బడి ఆవరణలోని కంచెపై ఆ తీగ ఉన్నచో, కాయ పగులక ముందే వేరుతో తీసివేయించవలెను. బడిపిల్లలకు ఆ గింజను చూపి, నోట పెట్టరాదని ఏటా ఒకమారైనను చెప్పించవలెను.

బిడ్డ ఎవరైనను గురివింద, ఆముదము, పచ్చగన్నేరు గింజ నమిలినట్లు అనుమానము కలిగినచో, వాంతి అగునని ఉప్పునీళ్ళు పట్టించుచు కాలము వృథా చేయరాదు. 108కు ఫోను చేసి, మిగిలిన గింజలను కూడ తీసికొని, వెంటనే ఆసుపత్రికి పోవలెను. గురివింద విషమునకు విరుగుడు మందు లేదు. దాని లక్షణములు కొన్ని గంటలకు గాని, మరునాటికి గాని బయటపడవచ్చును. బిడ్డ ఆడుకొనుచున్నాడు గదా యని ఇంట ఉంచుకొనరాదు.

పెరటిలో రాలిన గింజకు విలువ కట్టుట ఇల్లాలి నేర్పు. ఏ గింజను ఏరవలెనో, దేనిని విడువవలెనో తెలిసిన చేతిలో కుంకుడు గింజయే నగ యగును. రాబోవు తిరునాళ్ళకు మీ యింటి ఆడపిల్ల మెడలో మీ పెరటి పూసల దండ ఉండునట్లు ఈ తీరిక దినములలోనే పని మొదలుపెట్టుడు.